హెచ్‌పీ కన్నా ముందు తూకం: 14 అడుగుల పడవకు ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఎంపిక

ఒక పెద్ద జలాశయంలో నీటి నాణ్యతను పరీక్షించే బృందం తమ పడవ ఇంజిన్ విషయమై నన్ను పిలిపించింది. 14 అడుగుల అల్యూమినియం పడవ. దాని అడుగు ముందువైపు వీ ఆకారంలో ఉండి, వెనక్కి వచ్చేసరికి దాదాపు చదునవుతుంది. వెనుక బయటి వైపు బిగించే 9.9 హెచ్‌పీ (హార్స్‌పవర్) ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. ఫిర్యాదు ఒక్కటే: "ఒక్కరు వెళితే పరుగెడుతుంది, ముగ్గురం ఎక్కితే పాకుతుంది."

రేవు నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న నమూనా కేంద్రానికి 14 కిలోమీటర్లు. మధ్యాహ్నం గాలి లేవకముందే తిరిగి రావాలి. బ్యాక్టీరియా పరీక్షకు పట్టిన నీరు మంచుపెట్టెలో ఉండగానే, కొద్ది గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. కాబట్టి వేగం వాళ్లకు సరదా కాదు, పనిలో భాగం.

నేను వెళ్లేసరికి ఇంజిన్‌కు చేయగలిగిన వైద్యమంతా చేసేశారు. స్పార్క్ ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ విప్పి శుభ్రం చేశారు, ఫ్యూయల్ ఫిల్టర్ కొత్తది వేశారు. ఆ తర్వాత మెకానిక్ ఒక్కడే సగం ట్యాంకుతో తిప్పి చూసి, గంటకు 22 కిలోమీటర్లు వస్తోంది, ఇంజిన్‌లో దోషం లేదని తేల్చాడు. అతను చెప్పింది నిజమే. కాకపోతే అతను పరీక్షించిన పడవ వేరు, బృందం రోజూ నడిపే పడవ వేరు. మరొకరెవరో "నలభై హెచ్‌పీది పెట్టించేయండి, గొడవ వదిలిపోతుంది" అని సలహా ఇచ్చారట. బృందం నడిపే ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట: "ఇరవై అయిదు సరిపోతుందా సార్, నలభైకే వెళ్లమంటారా?"

రెంటిలో ఏదో ఒకటి చెప్పేసి రావడం తేలిక. కానీ పడవ మొత్తం బరువెంతో తెలియకుండా ఇంజిన్ సైజు చెప్పడం ఊహాగానమే అవుతుంది. బరువెంత ఉంటుందని అడిగితే "నాలుగు వందల కిలోలు ఉండవచ్చు" అన్నారు. తూచి చూద్దాం అన్నాను.

తూకం

గొలుసుతో వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి, మనుషులు ఎక్కి నిలబడే మామూలు కాటా ఒకటి చాలు. పడవను ముందు, వెనుక విడివిడిగా ఎత్తి రెండు తూకాలనూ కలిపాం. తయారీదారు కాగితాల్లో ఖాళీ పడవ 120 కిలోలు. కాటా మీద 158 వచ్చింది.

ఆ 38 కిలోలు ఎక్కడివి? లోపల నడవడానికి వీలుగా ఎప్పుడో ప్లైవుడ్ పరిచి, దాని మీద తివాచీ అతికించారు. ఒక మూల తివాచీ లేపితే కింద చెక్క ముట్టుకుంటే మెత్తగా తగిలింది. ఆ చెక్క కింద, పడవ మునగకుండా కాపాడాల్సిన ఫోమ్ దిమ్మలు ఉన్నాయి. ఒక దిమ్మను బయటికి తీసి రెండు చేతులతో నొక్కితే నీళ్లు ధారకట్టాయి. పాత పడవల్లో ఇది తరచూ కనిపించే సంగతే. వాన నీరు, చిలికిన నీరు నేల కిందికి దిగుతాయి, ఎండే దారి ఉండదు, ఏళ్లు గడిచేసరికి ఫోమ్ తడిసి మోపెడవుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. తెలిసేది కాటాకే.

మిగతావి కూడా ఒక్కొక్కటే ఎక్కించాం. ఇంజిన్ 40 కిలోలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 18. నిండిన 24 లీటర్ల పెట్రోలు ట్యాంకు 22. పెట్రోలు లీటరుకు దాదాపు 740 గ్రాములే తూగుతుంది, నీటి లెక్కన వేసుకోకూడదు. ముగ్గురు మనుషులు కలిపి 235. పరికరాల పెట్టెలు, నమూనా గొట్టాన్ని దింపే చేతి వించి, దాని తీగ కలిపి 55. లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, తెడ్లు 25. మంచుపెట్టె, ఖాళీ సీసాలు 15. మొత్తం 568 కిలోలు.

ఇది వెళ్లేటప్పటి లెక్క. ఈ బృందం విషయంలో వచ్చేటప్పటి లెక్కే ముఖ్యం, ఎందుకంటే సీసాలు నిండి వస్తాయి. 40 లీటర్ల నీరు కలిపి, కాలిపోయిన పెట్రోలు తీసేస్తే తిరుగు ప్రయాణంలో పడవ బరువు 600 కిలోలు. చేపల పడవైనా, సామాన్ల పడవైనా, మునకగాళ్ల పడవైనా ఇంతే. ఇంజిన్‌ను ఎంచుకోవాల్సింది రేవు వదిలే బరువుకు కాదు, ఆ రోజు మొత్తంలో పడవ మోసే అత్యధిక బరువుకు.

పలక మీద ఏముంది

పడవ లోపలి వైపు సామర్థ్యం తెలిపే చిన్న లోహపు పలక ఉంది. నలుగురు మనుషులు; మనుషులు, ఇంజిన్, సామాను అన్నీ కలిపి 440 కిలోలు. ఇంతవరకు చదవగలిగాం. గరిష్ఠ హెచ్‌పీ ఉండాల్సిన చోట అంకెలు అరిగిపోయాయి. బహుశా అందుకే నలభై అనే మాట పుట్టగలిగింది.

పలక చదవడానికి వీలు లేనప్పుడు నేను సరిచూసుకునే లెక్క ఒకటి ఉంది. 20 అడుగుల లోపు ఏకదేహ పడవలకు అమెరికా కోస్ట్ గార్డ్ నియమావళిలో ఉన్న సూత్రం ఇది. పడవ పొడవును, ట్రాన్సమ్ గరిష్ఠ వెడల్పును అడుగుల్లో కొలిచి గుణించాలి. ట్రాన్సమ్ అంటే ఇంజిన్ బిగించే వెనుక పలక. ఇక్కడ 14ను 4.46తో గుణిస్తే దాదాపు 62. చేతి టిల్లర్‌తో, అంటే ఇంజిన్‌కే ఉండే పిడిని పట్టుకుని, నడిపే పడవకు, అడుగు పూర్తి చదును కాకపోతే, ఆ సంఖ్యను 0.8తో గుణించి 25 తీసేయాలి. 24.6 వస్తుంది. పై అయిదుకు సవరిస్తే 25 హెచ్‌పీ. ఇదే పడవకు స్టీరింగ్ చక్రం, కనీసం 20 అంగుళాల ట్రాన్సమ్ ఉండి ఉంటే సూత్రం మారి 35 వచ్చేది. టిల్లర్ పడవకు తక్కువ ఇవ్వడానికి కారణం ఉంది. నడిపే మనిషి వెనుక మూలనే కూర్చుంటాడు, ఇంజిన్ లాగుడంతా అతని చేతి మీదే పడుతుంది. తయారీదారు పాత కాగితాల్లోనూ 25 అనే ఉంది. నలభై మాట అక్కడితో ముగిసింది. పలక హద్దు దాటడం చాలా చోట్ల నియమ విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ తిరస్కరించడానికీ ఆ ఒక్క కారణం చాలు.

అయితే అసలు దిగ్భ్రాంతి కలిగించింది హెచ్‌పీ కాదు, బరువు. పలక మీది 440 కిలోలు, పడవ 120 కిలోలున్న రోజుల్లో వేసిన లెక్క. తడిసిన 38 కిలోలు కూడా ఇప్పుడు సామానే. 600 నుంచి 120 తీసేస్తే 480. అంటే ఇంత చిన్న ఇంజిన్‌తోనే పడవ తిరుగు ప్రయాణంలో 40 కిలోలు హద్దు మీరి నడుస్తోంది. దాని మీద ఇంకా బరువైన ఇంజిన్ ఎక్కించాలా వద్దా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. బృందం నడిపే ఆవిడ ఈ అంకె విని కాసేపు మాట్లాడలేదు. ఆ పడవలో వెళ్లేది ఆవిడ మనుషులే కదా.

రెంటికీ చెడ్డ రేవడి

ఇప్పుడు 9.9 హెచ్‌పీ ఎందుకు చాలడం లేదో చూద్దాం.

పడవకు రెండు రకాల నడకలున్నాయి. మొదటిది నీటిని చీల్చుకుంటూ పోవడం. ఈ నడకలో పడవ తాను పుట్టించిన అలల మధ్యే చిక్కుకుని ఉంటుంది, కాబట్టి దానికి సహజంగా ఒక వేగ పరిమితి ఉంటుంది. నీటిరేఖ దగ్గర పడవ పొడవును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో ఆ పరిమితి వస్తుంది. ఈ పడవ నీటిరేఖ 3.9 మీటర్లు, పరిమితి దాదాపు 9 కిలోమీటర్లు. అక్కడిదాకా పోవడానికి పెద్ద ఇంజిన్ అక్కరలేదు. డిజైనర్లు వాడే సూత్రం ప్రకారం సుమారు 225 కిలోలకు ఒక హెచ్‌పీ చాలు. 568 కిలోల పడవకు రెండున్నర హెచ్‌పీ.

రెండో నడక, నీటి పైకి లేచి జారిపోవడం, అంటే ప్లేనింగ్. అడుగు చదునుగా ఉన్న పడవ తగినంత వేగం అందుకుంటే నీరే దాన్ని పైకి ఎత్తుతుంది. కానీ అక్కడికి చేరాలంటే మధ్యలో ముందు అలను ఎక్కి దాటాలి. ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. ఒక్కో హెచ్‌పీ మీద పడే బరువు 18 నుంచి 20 కిలోలుంటే చిన్న పడవ హాయిగా లేస్తుంది. 25 దాటితే కష్టం మొదలవుతుంది. 30 దాటితే లేవదనే అనుకోవాలి. ఇవి నేను పాటించే హద్దులు, పడవ అడుగును బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి.

మెకానిక్ ఒంటరిగా తిప్పిన రోజు బ్యాటరీ లేదు, పరికరాలు లేవు, లంగరు లేదు. అన్నీ కలిపి 286 కిలోలు. హెచ్‌పీకి 29. బొటాబొటిగా లేచింది. అదే ఇంజిన్ మీద ముగ్గురు, సామాను ఎక్కితే హెచ్‌పీకి 57 కిలోలు. అది కార్బురేటర్ శుభ్రం చేస్తే తీరే తేడా కాదు.

నీటి మీద చూసింది ఈ లెక్కకు సరిపోయింది. పూర్తి భారంతో, పూర్తి థ్రాటిల్‌తో, అంటే యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పితే, గంటకు 12 కిలోమీటర్లు. ముక్కు పైకెత్తుకుని, వెనుక భాగం గుంటలో కూరుకుపోయి, నడిపే మనిషికి ఎదుటి నీరు కనిపించని స్థితి. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టే చిన్న టాకోమీటర్ తగిలించి చూస్తే 4,600 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు). ఆ ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. ఒక్కరితో తిప్పితే 5,500 చూపించింది. అంటే ఇంజిన్ ఆరోగ్యంగానే ఉంది, మోయలేని బరువు మోస్తోంది. ఇలా రోజుల తరబడి తక్కువ ఆర్‌పీఎంలో పూర్తి థ్రాటిల్ మీద మూలిగే ఇంజిన్‌లో వేడి పెరుగుతుంది, కార్బన్ పేరుకుంటుంది, ఆయుష్షు తగ్గుతుంది.

పెట్రోలు సంగతి వాళ్లకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. 12 కిలోమీటర్ల వేగంతో ఇంజిన్ గంటకు మూడున్నర లీటర్లు తాగుతోంది, అంటే కిలోమీటరుకు 0.29 లీటరు. థ్రాటిల్ తగ్గించి 8 కిలోమీటర్ల వేగంతో నడిపితే గంటకు 1.2 లీటర్లు, కిలోమీటరుకు 0.15. వేగంలో నాలుగు కిలోమీటర్ల తేడా కోసం ప్రతి కిలోమీటరుకూ దాదాపు రెట్టింపు పెట్రోలు పోస్తున్నారు. ఆ అదనపు శక్తంతా ముక్కును ఎత్తడానికి, వెనుక పెద్ద అల లేపడానికి ఖర్చయిపోతోంది. నిదానంగా వెళ్లడానికి ఆ ఇంజిన్ ఎక్కువ, లేచి వెళ్లడానికి తక్కువ. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

వాళ్ల ముందున్నవి రెండే దారులని చెప్పాను. ఉన్న ఇంజిన్‌తోనే 8 కిలోమీటర్ల వేగంతో వెళ్లడం, ఒక వైపుకు గంటా నలభై అయిదు నిమిషాలు. లేదా నిజంగా లేచి వెళ్లగల ఏర్పాటు చేసుకోవడం. మొదటిది హీనమైన దారేమీ కాదు. సమయం ఉన్నవాళ్లకు అదే ఉత్తమమని ఇప్పటికీ అంటాను. కానీ నమూనాల గడువు, మధ్యాహ్నపు గాలి దానికి ఒప్పుకోవు.

ఇంజిన్ బిగింపులో మరో లోపం కూడా దొరికింది. అంతకుముందు అది వేరే పడవ మీద ఉండేది, లాంగ్ షాఫ్ట్. షాఫ్ట్ అంటే ఇక్కడ ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే కాలు. ఈ పడవ ట్రాన్సమ్ మధ్యలో 38 సెంటీమీటర్లు, అంటే 15 అంగుళాల షార్ట్ షాఫ్ట్ ఇంజిన్‌కు చేసినది. లాంగ్ షాఫ్ట్ 20 అంగుళాలకు. ప్రొపెల్లర్ పైన ఉండే చదును పలక, అందరూ కావిటేషన్ ప్లేట్ అనేది, పడవ అడుగుతో సమానంగానో ఒక అంగుళం కిందగానో ఉండాలి. ఇక్కడ అయిదు అంగుళాలకు పైగా కిందికి దిగి ఉంది. కాలు అంత లోతున నీటిని కోస్తుంటే ఈడ్పు పెరుగుతుంది, తోపు కింది నుంచి రావడంతో ముక్కు మరింత పైకి లేస్తుంది. కొత్త ఇంజిన్ కొనేటప్పుడు హెచ్‌పీ కన్నా ముందు టేపు పట్టుకుని ట్రాన్సమ్ కొలవమని నేను అందరికీ చెబుతాను. హెచ్‌పీ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, షాఫ్ట్ పొడవు తప్పితే సర్దుకోలేం.

ముందు పడవను తేలికపరచడం

ఇంజిన్ కొనకముందే నేల విప్పించాను. ప్లైవుడ్, తివాచీ, తడి ఫోమ్ పోయాయి. నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్, పలుచని అల్యూమినియం నేల వచ్చాయి. పడవ 126 కిలోలకు దిగింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ స్థానంలో ఏడు కిలోల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. లోతు చూపే యంత్రానికి, నావిగేషన్ దీపాలకు అది చాలు. పరికరాల పెట్టెలు తెరిపించి ఏది ఎందుకు ఎక్కుతోందని ఒక్కొక్కటే అడిగాను. అలవాటుగా ఎక్కుతున్న విడి తీగ చుట్ట, పాత పరికరం ఒకటి ఒడ్డున ఆగిపోయాయి. 55 కిలోలు 40 అయింది. లైఫ్ జాకెట్లు, లంగరు, తెడ్ల జోలికి మాత్రం వెళ్లలేదు. బరువు తగ్గించే ఉత్సాహంలో జనం మొదట దించేసేది వాటినే, అలా ఎన్నడూ చేయకూడదు.

పెట్రోలు కూడా అవసరం మేరకే. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు నిల్వ అన్న పాత పద్ధతిని నేను వదలను. వాళ్ల ప్రయాణానికి, కేంద్రాల దగ్గర మెల్లగా తిరగడానికి కలిపి అంచనా ఎనిమిది లీటర్ల పైచిలుకు. నిల్వతో కలిపి పన్నెండు. 15 లీటర్లు పోస్తే నిశ్చింత, 24 అక్కరలేదు.

ఇరవయ్యా, ఇరవై అయిదా

ఇప్పుడు ఇంజిన్. 15 హెచ్‌పీ ప్రస్తావన త్వరగానే తేలిపోయింది. చాలా కంపెనీల 15, 20 హెచ్‌పీ ఇంజిన్లు ఒకే ఇంజిన్ బ్లాక్ మీద తయారవుతాయి, రెండింటి బరువూ యాభై కిలోల దగ్గరే. హెచ్‌పీకి 34 కిలోలు పడే 15 తీసుకుని అంతే బరువు మోయడంలో అర్థం లేదు.

20 హెచ్‌పీ షార్ట్ షాఫ్ట్ ఇంజిన్ 52 కిలోలు. దానితో వెళ్లేటప్పుడు పడవ మొత్తం 515 కిలోలు, వచ్చేటప్పుడు 549. హెచ్‌పీకి 26, 27.5. అంటే కష్టం మొదలయ్యే గీత దాటి కొంచెం ముందుకు. పలక లెక్కన 549 నుంచి 120 తీసేస్తే 429. హద్దుకు పదకొండు కిలోలు లోపల.

25 హెచ్‌పీతో హెచ్‌పీకి 21 నుంచి 23 కిలోలే. ఆ వైపు నుంచి చూస్తే అదే మేలు. చాలామంది నిపుణులు పలక అనుమతించిన గరిష్ఠానికి దగ్గరగా వెళ్లమనే చెబుతారు, నేనూ మామూలుగా అదే చెబుతాను. పెద్ద ఇంజిన్‌ను మూడు వంతుల థ్రాటిల్‌లో నడపడం, చిన్న ఇంజిన్‌ను ఎప్పుడూ చివరిదాకా తిప్పి ఉంచడం కన్నా మంచిది. కానీ వాళ్లకు సర్వీసు, విడిభాగాలు అందుబాటులో ఉన్న 25 హెచ్‌పీ మోడల్ బరువు 71 కిలోలు. దాన్ని పెడితే తిరుగు ప్రయాణపు భారం 448. ఎనిమిది కిలోలు హద్దు మీరుతుంది.

ఎనిమిది కిలోలకే అంత పట్టింపా అని బృందంలో ఒకరు అడిగారు. సరైన ప్రశ్నే. అందుకే మాటలతో కాకుండా నీటి మీదే చూపించాను. మనుషుల బదులు, సామాను బదులు నీళ్ల డబ్బాలు పేర్చి, తిరుగు ప్రయాణపు భారంతో పడవను రేవులో నిలిపాం. ట్రాన్సమ్ పై అంచుకూ నీటికీ మధ్య ఎత్తు కొలిచాం. తర్వాత రెండు ఇంజిన్ల మధ్య తేడా, 19 కిలోలు, ట్రాన్సమ్ దగ్గరే పెట్టి మళ్లీ కొలిచాం. వెనుక భాగం దాదాపు రెండున్నర సెంటీమీటర్లు కిందికి వెళ్లింది. 15 అంగుళాల ట్రాన్సమ్‌లో అది చిన్న అంకె కాదు. లేచి పోతున్న పడవ థ్రాటిల్ ఒక్కసారిగా మూసేస్తే వెనుక నుంచి వచ్చే సొంత అలే ట్రాన్సమ్ మీదుగా లోపలికి దూకుతుంది. చిన్న పడవలు నీళ్లు నిండి మునిగే తీరు చాలాసార్లు ఇదే. మధ్యాహ్నపు గాలిలో, నిండు సీసాలతో, ఆ రెండున్నర సెంటీమీటర్లు నాకు కావాలి.

57 నుంచి 60 కిలోల మధ్య బరువున్న 25 హెచ్‌పీ ఇంజిన్లు తయారవుతున్నాయి. వాటిలో ఒకదానికి వాళ్లకు నమ్మకమైన సర్వీసు దొరికి ఉంటే నా సిఫారసు 25 అయ్యేది. దొరకలేదు కాబట్టి 20 అన్నాను. దానితో పాటు, 20 బొటాబొటిగానే ఉంటుందని, బరువు సర్దుబాటు, ప్రొపెల్లర్ ఎంపిక సరిగా చేస్తేనే పని జరుగుతుందని ముందే రాసిచ్చాను.

ట్రాన్సమ్ లోపలి చెక్క దిమ్మను సుత్తి పిడితో తట్టి చూస్తే ఒక చోట బోలు శబ్దం వచ్చింది. కొత్త ఇంజిన్ ఎక్కించకముందే దాన్ని మార్పించాను.

నీటి మీద

కొత్త ఇంజిన్‌తో వచ్చిన ప్రొపెల్లర్ పిచ్ 10 అంగుళాలు. పిచ్ అంటే జారుడు లేకపోతే ఒక్క చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం. తిరుగు ప్రయాణపు భారంతో మొదటి పరుగులో పడవ లేచింది కానీ, ముక్కు చాలాసేపు పైకెత్తి, గునిసి గునిసి లేచింది. ఆర్‌పీఎం 4,900 దగ్గర ఆగిపోయింది. దీనికీ పూర్తి థ్రాటిల్ పరిధి 5,000 నుంచి 6,000. పాత ఇంజిన్ జబ్బే కొత్తదానికీ అంటుకునేలా ఉంది.

మొదట బరువు కదిలించాం. పెట్రోలు ట్యాంకును, బ్యాటరీని వెనుక నుంచి మధ్య బల్ల కిందికి మార్చాం. టిల్లర్‌కు పొడిగింపు పిడి తగిలించి, నడిపే మనిషిని అర మీటరుకు పైగా ముందుకు జరిపాం. నిండు సీసాల పెట్టె ముందు బల్ల దగ్గరికి వెళ్లింది. ఇంజిన్ వంపు పిన్నును ఒక రంధ్రం లోపలికి మార్చి తోపు కోణాన్ని సవరించాం. ఇంజిన్‌లో ఒక్క బోల్టు మార్చకుండానే, పడవ లేవడానికి పట్టే సమయం దాదాపు సగానికి తగ్గింది. బరువు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. ఈ పని చేయకుండా ప్రొపెల్లర్లు మార్చుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

తర్వాత 8 అంగుళాల పిచ్ ప్రయత్నించాం. భారంతో 5,600, చురుగ్గా లేచింది. బృందం అక్కడే ఆగుదామంది. అదే ప్రొపెల్లర్‌తో ఒక్కరిని పంపిస్తే ఇంజిన్ 6,000 దాటి, హద్దు మించి తిరగనివ్వని లిమిటర్‌ను తాకింది. రేవు మార్చడానికో, ఇంధనం తేవడానికో పడవను ఒక్కరే నడిపే రోజులు వాళ్లకు ఉన్నాయి. కాబట్టి 9 అంగుళాలు. భారంతో 5,250, ఒంటరిగా 5,900. రెండు చివర్లూ పరిధిలోనే ఉన్నాయి. లెక్క కూడా సరిచూశాను. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తి 2.08తో, ఆపైన 1056తో భాగిస్తే గంటకు మైళ్లలో సిద్ధాంత వేగం వస్తుంది. 5,250 దగ్గర అది 21.5 మైళ్లు, దాదాపు 35 కిలోమీటర్లు. జీపీఎస్ చూపించింది 27. జారుడు 22 శాతం. నిండు భారంతో ఉన్న చిన్న పడవకు అది నేను ఊహించినంతే.

రోజువారీ నడక మాత్రం 4,500 ఆర్‌పీఎం దగ్గర, గంటకు 22 కిలోమీటర్లు. 14 కిలోమీటర్లకు నలభై నిమిషాల లోపే. పెట్రోలు గంటకు 4.8 లీటర్లు, అంటే కిలోమీటరుకు 0.22. రెట్టింపు హెచ్‌పీ ఉన్న ఇంజిన్, పాతది పూర్తి థ్రాటిల్‌లో తాగినదానికన్నా కిలోమీటరుకు తక్కువ తాగుతోంది. పెద్ద ఇంజిన్ అంటే పెట్రోలు ఖర్చు ఎక్కువనే మాట ప్రతి పడవకూ నిజం కాదు. కిలోమీటరుకు ఎంత అన్నది చూడాలి. అయితే 8 కిలోమీటర్ల నిదాన నడకలో పాత ఇంజిన్ చూపిన 0.15 ఇప్పటికీ అన్నిటికన్నా పొదుపు.

అప్పగించే రోజున మూడు సంగతులు కాగితం మీద రాసి పడవలోనే అతికించాను. తిరుగు ప్రయాణంలో భారం 429 కిలోలు, హద్దు 440. థ్రాటిల్ మూసేటప్పుడు మెల్లగా, రెండు మూడు దశల్లో. లాగితే ఇంజిన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు నడిపే మనిషి ఒంటికి తగిలించాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. టిల్లర్ పడవలో నడిపేవాడు జారి పడితే, అదుపు తప్పిన పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. 9.9తో ఆ తాడు పక్కన వేలాడేది. 20 హెచ్‌పీతో అలా కుదరదు.

నాలుగో మనిషిని ఎక్కించవచ్చా అని తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. పలక మీద నలుగురు అని ఉందిగా అన్నారు. నలుగురికి చోటు ఉంది, నలుగురితో పాటు నలభై లీటర్ల నీటికి లేదని చెప్పాను. నాలుగో మనిషి వెళ్లే రోజున నమూనాలు తగ్గించి, దగ్గరి కేంద్రాలకే వెళుతున్నారు. ఎప్పుడూ నలుగురు వెళ్లాల్సి వస్తే ఆలోచించాల్సింది ఇంకో ఇంజిన్ గురించి కాదు, 16 అడుగుల పడవ గురించి.

పాత 9.9 వృథా పోలేదు. బృందానికి పరికరాల తెప్ప ఒకటి ఉంది. బరువు టన్నుకు పైనే, ట్రాన్సమ్ 20 అంగుళాలు, గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు మించి వెళ్లాల్సిన పని లేదు. లాంగ్ షాఫ్ట్ దానికి సరిగ్గా సరిపోయింది. తక్కువ పిచ్ ప్రొపెల్లర్ వేయించి టాకోమీటర్ తగిలిస్తే, పూర్తి థ్రాటిల్‌లో 5,300 చూపించింది.